మధ్య గుండ్రంలో ఒక్క పేరు: నా కౌన్సెలింగ్ అనుభవం

2024 ఆగస్టు మూడో వారం. ప్రాక్టికల్స్ ముగించుకుని సాయంత్రం హాస్టల్‌కు వచ్చేసరికి నా పక్క మంచం ఖాళీగా ఉంది. పరుపు లేదు. అలమరలో నా స్నేహితురాలి అర తుడిచేసి, అడుగున పరిచిన పాత పేపరు కూడా తీసేసి ఉంది. కిటికీ చువ్వలకు కట్టిన దండెం మీద నా బట్టలు మాత్రమే ఆరుతున్నాయి. ఇంటర్ మొదటి సంవత్సరం నుంచి, కోవిడ్‌లో ఇళ్లకు వెళ్లిపోయిన నెలలు తీసేస్తే, ఏ హాస్టల్‌లో ఉన్నా నా పక్క మంచం తనదే. ఆరేళ్లు. ఆ రోజు తను పై అంతస్తులో వేరే గదికి మారిపోయింది. నాకు ఒక్క మాట కూడా చెప్పలేదని అనుకున్నాను.

ఈ సంగతి ఎవరికి చెప్పినా "ఇంతేనా?" అంటారని తెలుసు. ప్రేమించినవాడు వదిలేశాడంటే జాలిపడేవాళ్లు ఉంటారు. పరీక్ష పోయిందంటే ఓదార్చేవాళ్లు ఉంటారు. స్నేహితురాలు గది మారిందని అన్నం సయించని అమ్మాయి బాధకు మన దగ్గర పేరు కూడా లేదు. అందుకే నోరు మెదపలేదు. రాత్రి మూడు దాకా నిద్ర పట్టేది కాదు, పట్టాక ఉదయం తొమ్మిదైనా లేవాలనిపించేది కాదు. మెస్‌లో తను ఎదురుపడుతుందని మెస్‌కు వెళ్లడం మానేశాను. గదిలోనే బొరుగులు, బిస్కెట్లు. తల దువ్వుకోవడం కూడా కొండెక్కినంత పని. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ మూడో సెమిస్టర్ అది. బోర్డు మీద రాసిన సూత్రాలు కళ్ల ముందు కదిలిపోయేవి, ఒక్కటీ బుర్రలోకి దిగేది కాదు.

ప్రాక్టికల్స్ చూసే మేడం సెప్టెంబరులో ఒక రోజు నా రికార్డు పుస్తకం తెరిచారు. ఆగస్టు 20 తర్వాత అన్నీ తెల్ల కాగితాలే. తిట్లు తినడానికి సిద్ధపడి నిలబడ్డాను. ఆమె పుస్తకం మూసి, "కడుపు నిండా తిని ఎన్ని రోజులైంది?" అని అడిగారు. ఏడుపు ఆగలేదు. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లమని చెప్పి పంపేసి ఉంటే నేను వెళ్లేదాన్ని కాదు, అది ఖాయం. ఆమె బల్ల సర్దుకుని, "పద, ఆ గది దాకా నేనూ వస్తాను" అని నాతో పాటు నడిచారు. విద్యార్థి కుంగిపోతున్నట్టు కనిపెట్టిన అధ్యాపకులు చేయగలిగే సాయంలో సగం ఆ నడకే అని నా గట్టి నమ్మకం.

మా కాలేజీకి కౌన్సెలర్ వారానికి రెండు రోజులు వచ్చేవారు. ఆరోగ్య కేంద్రం వెనక చిన్న గది. తలుపు మీద 'సామాను గది' అన్న పాత అక్షరాలు అలాగే ఉన్నాయి. అవి నాకు మేలే చేశాయి. ఎవరైనా చూసినా ఏదో సామాను కోసం వెళ్తున్నానని అనుకుంటారు. లోపల బల్లను గోడకు జరిపేసి, రెండు కుర్చీలు కాస్త ఏటవాలుగా వేసి ఉన్నాయి. కళ్లలోకి చూడాలనిపిస్తే చూడవచ్చు, లేకపోతే కిటికీ అవతల వేపచెట్టును చూస్తూ మాట్లాడవచ్చు. మూల మట్టికుండ, దాని మీద స్టీలు గ్లాసు.

నేను ఏమీ చెప్పకముందే ఆమె ఒక విషయం స్పష్టం చేశారు. "నువ్వు ఇక్కడ చెప్పింది నీ అనుమతి లేకుండా కాలేజీకి గానీ, వార్డెన్‌కు గానీ, ఇంటికి గానీ వెళ్లదు. నీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే మాత్రం నేను నాలోనే దాచుకోలేను. అప్పుడు కూడా ఎవరికి చెబుతున్నానో ముందు నీకే చెబుతాను." మన మానసిక ఆరోగ్యం, చికిత్స వివరాలను గోప్యంగా ఉంచాలని కోరే హక్కు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఇంట్లో తెలిసిపోతుందేమోనన్న భయంతోనే గుమ్మం దాటని స్నేహితులు నాకు ఇద్దరు ముగ్గురు ఉన్నారు కాబట్టి ఈ మాట ముందే రాస్తున్నాను.

తర్వాత ఒక కాగితం ఇచ్చారు. పీహెచ్‌క్యూ-9 అంటారు. 2001 నుంచి వాడుకలో ఉన్న ప్రశ్నావళి. తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో ఆసక్తి తగ్గిందా, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, మనసు నిలుస్తోందా, ఇలాంటివి. ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కు, మొత్తం 27. నాకు 17 వచ్చింది. 15 గాని అంతకు మించి గాని వస్తే కుంగుబాటు కాస్త తీవ్రంగానే ఉన్నట్టు లెక్క. ఈ కాగితం జబ్బును నిర్ధారించదని, జ్వరం వచ్చినప్పుడు థర్మామీటర్ లాంటిదేనని ఆమె చెప్పారు. అంకెలతో రోజూ మెలిగేదాన్ని కాబట్టి, నా బాధకు ఒక కొలత దొరికిందన్న ఆలోచనే నాకు కాస్త స్థిమితం ఇచ్చింది.

చావు తలంపులు వస్తున్నాయా అని అడిగే తొమ్మిదో ప్రశ్న దగ్గర 'కొన్ని రోజులు' అన్న గడిలో టిక్కు పెట్టాను. ఆమె దాన్ని చూసీ చూడనట్టు దాటేయలేదు. పెన్ను పక్కన పెట్టి, "చచ్చిపోవాలని అనిపించిందా?" అని సూటిగా అడిగారు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. నా మట్టుకు నాకు ఆ ప్రశ్నతో ఊపిరి ఆడింది. పడుకుంటే మళ్లీ లేవకపోతే బాగుండునని అనిపిస్తోందని, ఏదైనా చేసుకోవాలన్న తలంపు మాత్రం లేదని చెప్పాను. ఆమె తొందరపడకుండా ఇంకా కొన్ని అడిగి, ఒక అరకాగితం మీద నా చేతనే రాయించారు. అలాంటి ఆలోచన వచ్చే ముందు నాలో ఏం మారుతుంది, నా అంతట నేను ఏం చేయగలను, ఎవరి దగ్గరికి వెళ్లి కూర్చోగలను, ఎవరికి ఫోన్ చేస్తాను. అన్నిటి కింద 14416. అది టెలీ మానస్ నంబరు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత సేవ, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. సెప్టెంబరు ఆఖరులో ఒక రాత్రి ఒంటిగంటన్నరకు ఆ నంబరుకు ఫోన్ చేశాను. అవతల ఉన్నామె ఇరవై నిమిషాలు నాతో మాట్లాడింది. ఆ రాత్రి గడిచింది. అది చిన్న సంగతి కాదు.

నిజం చెప్పాలంటే నేను ఆ గదికి వెళ్లింది తీర్పు కోసం. కౌన్సెలర్ మేడం నా స్నేహితురాలిని పిలిపించి నాలుగు మాటలు గట్టిగా అడుగుతారని, తను ఏడుస్తూ తిరిగి వస్తుందని ఊహించుకున్నాను. రెండోసారి కలిసినప్పుడు ఆ మాట అనేశాను కూడా. ఆమె "తప్పు తనదే" అనలేదు, "నీదే" అనలేదు, "ఇంత చిన్న విషయానికా" అని అసలే అనలేదు. "ఆరేళ్ల తోడు ఒక్క పూటలో పక్కన లేకుండా పోతే ఇల్లు కూలినట్టే ఉంటుంది" అన్నారు. తర్వాత లైబ్రరీలో కార్ల్ రోజర్స్ అనే అమెరికా మనస్తత్వవేత్త గురించి చదివాను. వచ్చినవాళ్లను వాళ్ల వైపు నుంచి అర్థం చేసుకోవడం, షరతులు పెట్టకుండా ఆదరించడం, తాను నటించకుండా ఉండడం, మనిషి మారడానికి ఇవే అవసరమని ఆయన 1957లో రాశాడు. పుస్తకంలో అది మూడు వాక్యాలు. నా ఎదుట కుర్చీలో కూర్చుని ఒకరు దాన్ని చేసి చూపించారు. నేను ఇరవై నిమిషాలు ఏమీ మాట్లాడని రోజు కూడా ఒకటి ఉంది. ఆమె ఆ ఇరవై నిమిషాలూ నాతో కూర్చున్నారు, ఫోను ముట్టుకోలేదు.

మార్కు 17 ఉంది కాబట్టి డాక్టరును కూడా కలవాలన్నారు. ఓపీ చీటీ రాయించుకుని ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లాను. డాక్టరు ముందు రక్త పరీక్షలు రాశారు. థైరాయిడ్ తేడాగా ఉన్నా, రక్తం తక్కువగా ఉన్నా నీరసం, నిరాసక్తి రావచ్చట. థైరాయిడ్ బాగానే ఉంది. హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది, ఆడవాళ్లకు 12 ఉండాలి. ఐరన్ మాత్రలతో పాటు కుంగుబాటుకు ఒక మాత్ర ఇచ్చారు. రెండు నుంచి నాలుగు వారాలకు గాని గుణం తెలియదని, బాగుందనిపించగానే సొంతంగా మానేయవద్దని, ఇది నిద్రమాత్ర లాంటిది కాదని, అలవాటుగా పట్టుకోదని విడమరిచి చెప్పారు. మొదటి వారం కడుపులో తిప్పింది, తర్వాత సర్దుకుంది.

మూడోసారి కలిసినప్పుడు ఆమె తెల్ల కాగితం మీద ఒకదాని చుట్టూ ఒకటి మూడు గుండ్రాలు గీశారు. నడిమి దానిలో చుక్క పెట్టి, "ఇది నువ్వు. నీకు దగ్గరివాళ్ల పేర్లు లోపలి గుండ్రంలో రాయి, దూరం అనిపించిన కొద్దీ బయటికి రాయి" అన్నారు. నేను స్నేహితురాలి పేరు లోపల రాశాను. పెన్ను అక్కడే ఆగిపోయింది. చాలాసేపటికి అమ్మ, నాన్న అని మూడో గుండ్రం అంచున రాశాను. రెండోది ఖాళీ. ఆ కాగితాన్ని చూస్తూ నేనే అన్నాను, "ఒక్కతే ఉంది" అని. ఆమె, "నీ బరువంతా ఆ ఒక్క మనిషి మీదే ఉండేదన్నమాట" అన్నారు. ఆ మాట నాకు అప్పుడు నచ్చలేదు. స్నేహం అంటే అదే కదా అనుకున్నాను. ఆ రోజు కోపంగానే బయటికి వచ్చాను.

ఈ గుండ్రాలు ఇంటర్‌పర్సనల్ థెరపీ అనే పద్ధతిలోవి. క్లెర్మన్, వైస్‌మన్ అనే ఇద్దరు 1970ల్లో రూపొందించారు. కుంగుబాటు మనిషి లోపలే పుట్టి లోపలే ఉండిపోదని, బంధాలతో ముడిపడి ఉంటుందని దాని మూలసూత్రం. ఆప్తుల మరణం, దగ్గరివాళ్లతో తగాదా, జీవితంలో పాత్ర మారడం, అసలు మనుషులే లేకపోవడం అని నాలుగు దారుల్లో వెతుకుతారు. తగాదా అయితే అది ఏ దశలో ఉందో చూస్తారు. ఇంకా మాట్లాడుకుంటున్నారా, మొండికేసి మౌనంగా ఉన్నారా, తెగిపోతోందా? మాది రెండోదని ఆమె తేల్చారు. తెగిపోలేదన్న ఆ ఒక్క మాట పట్టుకుని రెండు వారాలు బతికాను.

ఈలోపు రోజువారీ పనులు. ఉదయం ఆరున్నరకు లేచి మైదానం చుట్టూ రెండు చుట్లు, మెస్‌లో రోజుకు రెండు పూటలైనా తినడం, అమ్మకు ఒక ఫోను. పనికి ముందు మనసు ఎలా ఉందో, తర్వాత ఎలా ఉందో పదికి ఎన్ని మార్కులో రాసుకోవాలి. బాగున్నప్పుడు చేద్దామని ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ రోజు రాదని, చేస్తే కొంత బాగవుతుందని ఈ పద్ధతి చెబుతుంది. మొదటి వారం ముందు 2, తర్వాత 2. మూడో వారానికి నడక తర్వాత 4 కనిపించింది. నాలుగు లెక్క పెడుతూ ఊపిరి పీల్చడం కూడా నేర్పారు గాని అది నాకు పని చేయలేదు, ఊపిరి మీద ధ్యాస పెడితే గాభరా ఇంకా పెరిగేది. చెప్పగానే దాన్ని వదిలేశారు. పనిచేయని దాన్ని పట్టుకుని వేలాడకపోవడం కూడా మంచి కౌన్సెలర్ లక్షణమే.

అన్నిటికన్నా నన్ను కదిలించింది దసరా సెలవుల తర్వాత జరిగిన ఒక గంట. "తను గది మారే ముందు మీ ఇద్దరూ గట్టిగా మాట్లాడుకున్న చివరి రాత్రి ఏది?" అని అడిగారు. నాలుగు రోజుల ముందు అన్నాను. ఏం జరిగిందంటే, "తనకు నా మాటలు విసుగొచ్చాయి, గొడవైంది, వెళ్లిపోయింది" అని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. "సారాంశం వద్దు. నాటకం రాసినట్టు రాయి. నువ్వేమన్నావు, తను ఏమంది, గుర్తున్నంతవరకు అవే మాటలు." కాగితం, పెన్ను ఇచ్చి ఆమె కిటికీ వైపు తిరిగారు. పావుగంట పట్టింది. రాసింది ఇది.

నేను: ఈ రోజంతా నాతో మాట్లాడనే లేదు నువ్వు.
తను: తలనొప్పిగా ఉందే. మూడు రోజుల నుంచి నిద్ర లేదు.
నేను: నాకు మాత్రం ఉందా? మళ్లీ ఆ సంబంధం సంగతే ఎత్తింది అమ్మ. (ఇక్కడ నేను ముప్పావుగంట మాట్లాడాను.)
తను: రెండైంది. రేపు నాకు సెమినార్ ఉంది.
నేను: నీకు ఇప్పుడు నా మాటలు విసుగ్గా ఉన్నాయి.
తను: విసుగు కాదు. నిద్ర లేదంటున్నాను. కొన్నాళ్లు పై గదిలో పడుకుంటే ఎలా ఉంటుందా అని చూస్తున్నాను.
నేను: వెళ్లు. నిన్నెవరు పట్టుకున్నారు?

"ఇప్పుడు తన మాటలు నువ్వు చదువు, నీ మాటలు నేను చదువుతాను" అన్నారు. "మూడు రోజుల నుంచి నిద్ర లేదు" అని పైకి చదివాను. "నాకు మాత్రం ఉందా?" అని ఆమె బదులు చదివారు. ఆమె గొంతులో కోపం లేదు, వెటకారం లేదు, రాసింది రాసినట్టు చదివారు. రెండోసారి "నిద్ర లేదంటున్నాను" దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పూడుకుపోయింది. రెండు సార్లు చెప్పింది. గది సంగతి కూడా చెప్పింది. చెప్పకుండా వెళ్లిపోయిందని రెండు నెలలుగా నేను మోస్తున్న కథలో ఆ మూడు వాక్యాలూ లేవు. అబద్ధం చెప్పాలని దాచలేదు, అవి నాకు ఆ రాత్రి వినబడనే లేదు.

చాలాసేపటి తర్వాత ఆమె ఇంకో ప్రశ్న వేశారు. "ఆ ముప్పావుగంట మాటలు అసలు ఎవరితో చెప్పాల్సినవి?"

అమ్మతో. ఇంకెవరితో? ఎమ్మెస్సీ అయిపోగానే ఎండాకాలంలో పెళ్లి చేసేయాలని ఇంట్లో అనుకుంటున్నారు. నాకు ఇంకా చదవాలని ఉంది, ఉద్యోగం చేయాలని ఉంది. అమ్మ ఫోన్‌లో సంబంధం మాట ఎత్తిన ప్రతిసారీ "ఊఁ" అనేదాన్ని. ఫోను పెట్టేశాక అమ్మకు చెప్పాల్సిన 'వద్దు' అంతా రాత్రి రెండు దాకా స్నేహితురాలికి చెప్పేదాన్ని. ఏడాదిన్నర పాటు ఒక అమ్మాయి తన నిద్ర మానుకుని, తనకు సంబంధం లేని ఆ 'వద్దు'ను మోసింది.

ఆ తర్వాతి రెండు వారాలు నన్ను నేనే తిట్టుకున్నాను. నేను స్వార్థపరురాలిని, స్నేహానికి పనికిరాను, ఎవరూ నాతో ఉండలేరు. అప్పుడు మూడు గళ్ల కాగితం వచ్చింది. ఏం జరిగింది, నాలో నేను ఏమనుకున్నాను, దానికి ఆధారం ఏమిటి. ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు 1960ల్లో మొదలుపెట్టిన పద్ధతి. 'ఎవరూ నాతో ఉండలేరు' పక్కన ఆధారం రాయమంటే, 'ఒకరు గది మారారు' అన్నది తప్ప ఏమీ దొరకలేదు. ఒక్క పరిశీలనతో మొత్తానికి సూత్రం రాసేశానని స్టాటిస్టిక్స్ చదివే నాకు ఇంకొకరు చెప్పక్కరలేదు.

నవంబరులో చెనిక్కాయ పంట ఇంటికి చేరాక అమ్మ వచ్చింది. పిలిపించాలా వద్దా అన్న నిర్ణయం నాకే వదిలారు. ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో ముందు వారం ఇద్దరం కూర్చుని రాసుకున్నాం. మాత్రల సంగతి, పెళ్లి సంగతి చెప్పవచ్చు, తొమ్మిదో ప్రశ్న సంగతి నేను చెప్పదలుచుకుంటేనే. కళ్యాణదుర్గం వైపు నుంచి పొద్దున బస్సుకు వచ్చిన అమ్మ కుర్చీ అంచున కూర్చుంది, సంచి ఒళ్లోనే పెట్టుకుంది. "మా ఇంట్లో ఇలాంటివి ఎవరికీ లేవు మేడం. ఎవరి దిష్టో తగిలింది. కసాపురం తీసుకెళ్లి ఆంజనేయస్వామికి మొక్కు చెల్లిస్తే సరిపోతుంది" అంది. ఈ గది ఇక్కడితో మూసుకుపోయిందని నేను అనుకున్నాను. కౌన్సెలర్, "తప్పకుండా తీసుకెళ్లండమ్మా. మాత్ర కూడా వేసుకుని వెళ్లమనండి" అని, కాసేపాగి, "మీకెప్పుడైనా తిండి, నిద్ర లేకుండా పోయిన రోజులు ఉన్నాయా?" అని అడిగారు.

అమ్మ సంచి అంచును వేళ్లతో మడుస్తూ చెప్పింది. "దీనికి ముందు ఒక బిడ్డ పోయాడు మేడం. పదకొండు రోజుల పిల్లవాడు. మూడు నెలలు నేను తల దువ్వుకోలేదు. మా అత్త రోజూ వచ్చి నా పక్కన కూర్చుని విత్తనానికి కాయలు ఒలిచేది. ఏమీ అనేది కాదు. ఒక రోజు నేనూ ఒలవడం మొదలుపెట్టాను."

నాకొక అన్న ఉండేవాడని ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలిసింది ఆ గదిలోనే. అమ్మ దుఃఖానికి మందు వేసింది అవ్వ అనీ అక్కడే తెలిసింది. నేను రాసుకున్న కాగితం తీయలేదు. "అమ్మా, నాకు ఈ ఎండాకాలం పెళ్లి వద్దు. ఇంకో రెండేళ్లు కావాలి" అన్నాను. అమ్మ నా వైపు తిరిగి, "ఆ మాట నాకెప్పుడు చెప్పావమ్మా నువ్వు?" అంది. ఎప్పుడూ చెప్పలేదు. నాన్నను ఒప్పించడానికి సంక్రాంతి దాకా పట్టింది, మధ్యలో రెండుసార్లు ఇంట్లో పెద్ద గొడవే అయింది. సంబంధం మాత్రం వాయిదా పడింది. కసాపురం కూడా వెళ్లాం. కొండంత మొక్కుకుని అమ్మ తేలికపడింది, నేనూ ఆ రోజు బాగానే ఉన్నాను.

స్నేహితురాలితో మాట్లాడే ముందు రెండు వారాలు సాధన చేశాం. ఒకసారి కౌన్సెలర్ తనలా కూర్చుంటే నేను నాలా మాట్లాడాను, ఇంకోసారి నేను తనలా కూర్చున్నాను. తన కుర్చీలో కూర్చుని, "నువ్వు ఇలా చేశావు" అన్న మాట వింటే ఎలా గుచ్చుకుంటుందో తెలిసింది. 'నువ్వు' అని మొదలుపెట్టకుండా 'నాకు' అని మొదలుపెట్టడం వినడానికి చాలా తేలిక, నోటికి రావడం ఎంతో కష్టం. తను రాకపోతే ఏం చేస్తానన్నది కూడా మాట్లాడుకున్నాం. రాకపోయే హక్కు తనకు ఉంది కదా.

తను వచ్చింది. ఆదివారం పొద్దున, క్యాంటీన్‌లో, ఇద్దరికీ ఉగ్గాని, బజ్జీలు చెప్పాను. "ఆ రాత్రి నిద్ర లేదని రెండుసార్లు చెప్పావు. నేను వినలేదు" అన్నాను. తను బజ్జీ తుంచి ప్లేటులోనే పెట్టేసింది. "నువ్వు ఏమైనా చేసుకుంటావేమోనని భయంగా ఉండేది. నువ్వు పడుకున్నాక కూడా మేలుకుని నీ ఊపిరి వినేదాన్ని" అంది. అంతటి భయాన్ని తను ఒంటరిగా మోసింది, ఎవరికి చెప్పాలో తెలియక. ఇరవై రెండేళ్ల అమ్మాయి మోయాల్సిన పని కాదు అది. ఆ రోజు ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. తను మళ్లీ నా గదికి రాలేదు, నేనూ రమ్మనలేదు. పాత స్నేహం పాతలా తిరిగి వచ్చిందని రాస్తే అబద్ధమవుతుంది. వారానికి ఒకసారి కలిసి నడవడం మొదలైంది, అంతే.

డిసెంబరు రెండో వారంతో పన్నెండు సార్లు పూర్తయ్యాయి. చివరి కాగితం మీద మార్కు 5, తొమ్మిదో ప్రశ్నకు సున్నా. మాత్రను డాక్టరే మరుసటి ఏడాది మెల్లమెల్లగా తగ్గించి ఆపారు.

ఏడు నెలల తర్వాత, 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి పేపర్లో చదివాను. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి తండ్రి వేసిన కేసు అది. 100 మంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లైనా శిక్షణ ఇవ్వాలని కోర్టు చెప్పింది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో ప్రాణాలు తీసుకున్న విద్యార్థులు 13,044 మంది. రోజుకు సగటున 35 మందికి పైనే. తరగతిలో ఇలాంటి పట్టికలు ఎన్నో వేశాను. ఈ పట్టికను మాత్రం పూర్తిగా చదవలేకపోయాను, ఆ కాలమ్‌లో ఒకటి నేను కావడానికి ఎంతో దూరంలో లేనని తెలుసు కాబట్టి. వారానికి రెండు రోజులు కాదు, అన్ని రోజులూ ఆ గది తెరిచి ఉండాలి. నేను సోమవారం కుప్పకూలితే శుక్రవారం దాకా ఆగలేను. అధ్యాపకులతో పాటు వార్డెన్లకు, మెస్‌లో వడ్డించే వాళ్లకు కూడా శిక్షణ ఇవ్వాలి. ఎవరు తినడం మానేశారో ముందు తెలిసేది వాళ్లకే.

ఇప్పుడు తను బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. నేను అనంతపురంలోనే ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నాను. ఆదివారాలు ఫోన్‌లో మాట్లాడుకుంటాం. పోయిన వారం పలకరింపులయ్యాక, కొత్త ఆఫీసు కబుర్లు చెబుతూ చెబుతూ ఆగి, "ఈ మధ్య నిద్ర ఉండటం లేదే" అంది. నా దగ్గర చెప్పడానికి చాలా ఉన్నాయి ఆ రోజు. "ఎప్పటి నుంచి?" అని అడిగాను.